బందరు కోట చూడబోయే బెజవాడ వన్‌టౌన్ వారికి కొన్ని ఖాయమైన సలహాలు

మొట్టమొదట చేయాల్సిన పని, బందరు కోటకి వెళ్తున్నామని ఊరంతా చెప్పడం. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర టీ కొట్టులో చెప్పండి. వస్త్రలత బట్టల మార్కెట్లో పక్క షాపాయనకి, ఆయన గుమాస్తాకి, బేరం ఎంతకీ తెగక కూర్చున్న గుడివాడ పార్టీకి చెప్పండి. "ఈ ఆదివారం ఫ్యామిలీతో బందరు కోటకండీ. రోడ్డున కాదు, మడ అడవిలోంచి నడక. నేచర్ ట్రైల్ అంటారు దాన్ని" అనండి. వాళ్లు "అబ్బో" అంటారు. ఆ అబ్బోతో సగం యాత్ర అయిపోయినట్టే. మిగతా సగాన్ని వచ్చే ఆదివారానికి, ఆ పై ఆదివారానికి నెట్టుకుంటూ పోవచ్చు. మాటలు కోటలు దాటేశాక కాళ్లు గడప దాటాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

ఇది నేను పుట్టించిన పద్ధతి కాదు, దీనికి 1759 నాటి ప్రమాణం ఉంది. ఆ ఏడాది మార్చిలో ఇంగ్లీషు కంపెనీ సేనాని కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ బందరు మీదికి వచ్చాడు. వెంట విజయనగరం ఆనంద గజపతిరాజు మనుషులున్నారు. అంతకు మూడు నెలల ముందు, 1758 డిసెంబరులో, గోదావరికి అవతల చందుర్తి దగ్గర వీళ్లిద్దరూ కలిసి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించారు. ఓడినవాడు వచ్చి బందరు కోటలో తలుపులేసుకున్నాడు. అతన్ని విడిపించడానికి దక్కను సుబేదారు సలాబత్ జంగ్ కదిలాడు. గుర్రం, కాల్బలం కలిపి 35 వేలమంది అని ఆనాటి లెక్క. ఆయన ఎందాకా వచ్చాడయ్యా అంటే, మన బెజవాడ దాకా. వచ్చాడన్న కబురు ఫోర్డుకి చేరింది. కబురు చేరింది గానీ సుబేదారు చేరలేదు. ఏప్రిల్ 7 అర్ధరాత్రి మొదలైన దాడిలో తెల్లవారేసరికి కోట చేతులు మారింది.

అంచేత బందరు కోట విషయంలో బెజవాడలో ఆగిపోవడం మనకి పెద్దల నాటి నుంచి వస్తున్న హక్కు. ఆగడానికి చోట్లకి కొదవా? గాంధీ కొండ ఎక్కి, దూరంగా తూర్పు దిక్కు చూపించి "అదుగో, అటే కోట" అని పిల్లలకి చెప్పొచ్చు. ఆ కొండకి ఒకప్పుడు ఆనకట్ట కట్టించిన ఓర్ దొర పేరే ఉండేది. ఇక ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న అక్కన్న మాదన్న గుహలు ఇంటికి కూతవేటు దూరం. అవి కూడా మనవాళ్లు చాలామంది చూడలేదు కాబట్టి, కోటకి బదులు అవి చూద్దామని వాయిదా వేసి, తర్వాత వాటినీ వాయిదా వేయొచ్చు. అక్కన్న మాదన్నలు మంత్రులుగా ఉన్న గోల్కొండకి అసలైన రేవు బందరేనని, ఆ గుహకీ ఈ కోటకీ ఒకే ఖజానా చుట్టరికమని పిల్లలకి ఎవరైనా చెబితే వాళ్లకి ఆసక్తి పుట్టే ప్రమాదం ఉంది. చెప్పనివ్వకండి.

ఇంత జాగ్రత్త పడినా ఇంట్లోవాళ్లు పట్టుబట్టి బయలుదేరదీశారనుకోండి. అప్పుడేం చేయాలో కూడా చెబుతాను.

దారి సంగతి. వన్‌టౌన్ వాళ్లకి బందరు రోడ్డు బెంజి సర్కిల్ దగ్గర అయిపోతుంది. అది అక్కడ ఆగదని, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గూడూరు మీదుగా 70 కిలోమీటర్లు పోయి నిజంగానే బందరులో తేలుతుందని కొందరు ప్రచారం చేస్తుంటారు. నెహ్రూ బస్ స్టేషన్‌లో ఏ కండక్టర్‌ని అడిగినా ఇదే మాట. గుడివాడ, పెడన మీదుగా రైలు కూడా ఉంది, అది 1908 నుంచీ ఉంది. ఇవన్నీ మరీ సుళువు. మీరు బందరు కాలువ గట్టున బయలుదేరండి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక, రైలు పడేదాకా, బెజవాడ నుంచి బందరుకి మనుషులూ ధాన్యమూ ఈ కాలువలోనే పడవల మీద పోయేవి. ఇప్పుడు పడవలు లేవు. గట్టు మాత్రం అక్కడక్కడ ఉంది. ఉన్నచోట ఇళ్లున్నాయి, ఇళ్లు లేనిచోట చెత్త ఉంది. నేచర్ ట్రైల్ ఇక్కణ్నుంచే మొదలైనట్టు లెక్క వేసుకుంటే బెంజి సర్కిల్ చేరకముందే సరదా తీరిపోతుంది.

కాలం సంగతికొస్తే మే నెలే మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పర్రల మీద వలస పక్షులు దిగుతాయి, ఎండ మెత్తగా ఉంటుంది, నడిచినా అలుపు తెలియదు. అలుపు తెలియని యాత్ర గురించి తర్వాత పదిమందికి చెప్పుకోవడానికేముంటుంది? రోహిణి కార్తెలో మధ్యాహ్నం పన్నెండింటికి దిగాలి. నీళ్లసీసాలు మోసుకెళ్లకండి. పోయేది సముద్రం దగ్గరికి, అక్కడ నీళ్లకేం కరువు?

బట్టలు తెల్లవి వేసుకోండి. బట్టల వ్యాపారంలో ఉన్నవారైతే తప్పనిసరిగా కొత్తవి కట్టండి, అందులో ఒక న్యాయం ఉంది. బందరు రేవుకి 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు ఎగబడి వచ్చింది ప్రధానంగా బట్టల కోసమే. ఇక్కడి అద్దకాలు, కలంకారీ, సన్ననేతలు ఓడలెక్కి తూర్పు దీవులకి పోయేవి. అక్కడ వాటిని ఇచ్చి లవంగాలూ జాజికాయా తెచ్చుకునేవాళ్లు. కొన్ని యూరపుకీ పోయేవి. ఆ గుడ్డల మూటల కాపలాకే తర్వాత గోడలు, గోడల మీదికి ఫిరంగులు వచ్చాయి. అంటే బందరు కోట మొదట్లో ఒక హోల్‌సేల్ గోదాం, తర్వాత దానికి బురుజులు మొలిచాయి. రైలు దారిలో పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో అద్దకం వేస్తున్నారు. ఆగి చూడొద్దు. చూస్తే కోట ఎందుకు కట్టారో అర్థమైపోయి, ఆ తర్వాత దాని గోడలు ఊరికే రాళ్లూ ఇటుకల్లా కనిపించవు.

బందరులో దిగగానే ఆటోవాళ్లు అడుగుతారు. ఈ సంభాషణ ఎలా నడపాలో ముందే నేర్చుకుని ఉండండి.

"కోటకా బాబాయ్? ఎక్కండి, రోడ్డుంది, ఎంతసేపు!"

"రోడ్డొద్దు నాయనా. మేం నేచర్ ట్రైల్‌లో పోతాం."

"అంటే ఏంటండీ?"

"బురదలోంచి. మడచెట్ల మధ్యగా."

"పీతలకెళ్లేవాళ్లు కూడా ఇప్పుడు దిగరండీ. పోటు వస్తా ఉంది."

"పీతల కోసం కాదయ్యా, ప్రకృతి కోసం."

ఇంతదాకా వచ్చాక ఆ కుర్రాడి ముఖంలోకి చూడకుండా ముందుకి నడిచెయ్యాలి. చూస్తే ఆటో ఎక్కేస్తారు. ఎక్కితే కాసేపట్లో తారురోడ్డు మీద కోట ముందు దిగబెడతాడు, పొడి చెప్పులతో లోపలికి పోతారు. అదేం యాత్ర?

ఇక బురద. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కోట చరిత్రంతా బురదలోనే ఉంది.

ఆ రోజుల్లో ఊరు ఒకచోట, కోట ఒకచోట. మధ్యన, చుట్టూతా ఉప్పు బురద. ఊరి నుంచి కోటకి ఒక్కటే గట్టుదారి. దక్షిణాన ఉప్పుటేరు. తూర్పువైపున మాత్రం సముద్రపు ఇసుక దిబ్బలు, ఫోర్డ్ తన ఫిరంగులు పెట్టింది అక్కడే. బురదవైపు నుంచి ఎవడూ రాడని కోటలోవాళ్లకి ధీమా. ఆ ధీమాకి తగ్గట్టే లోపల మందుగుండు పుష్కలం, మనుషులు బయటివాళ్లకన్నా ఎక్కువ. బయట ఫోర్డ్ పరిస్థితి చూస్తే డబ్బు లేదు, సిపాయిలకి జీతం బాకీ, గోరా సైనికులు ఒకరోజు తుపాకులు పట్టుకుని ఇక పోతామని తిరగబడ్డారు. చివరికి మందుగుండు రెండు రోజులకి సరిపడా మిగిలింది. వెనక బెజవాడలో సుబేదారు. ఇటువంటప్పుడు బుద్ధిగలవాడు ఎవడైనా ఓడలెక్కి పోతాడు.

ఫోర్డ్ పోలేదు. ఊరిజనం నైరుతి మూల ఆ బురదని కాళ్లతోనే దాటుతుండటం అతని మనుషులు చూసి పెట్టుకున్నారు. పాటు ఎప్పుడో కనుక్కున్నారు. సముద్రం బాగా వెనక్కి తీసే వేళ, కందకంలో నీళ్లు అడుగంటే వేళ, అర్ధరాత్రి. మూడు గుంపులుగా విడిపోయారు. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో నైరుతి బురదలోంచి పోయి ఉత్తుత్తి దాడి చేయాలి. ఆనంద గజపతిరాజు మనుషులు గట్టుదారి మీద తలుపు దగ్గర గోల చేయాలి. అసలు దళం ఈశాన్యాన కమేలియన్ బురుజు మీదికి పోవాలి, వాళ్లకీ మోకాళ్ల బంటి బురదే.

మీరు ఇందులో దేన్నీ అనుకరించకూడదు. ఊరివాళ్లని దారి అడగకూడదు, వాళ్లు చదువుకోలేదు. పోటూ పాటూ వేళలు కనుక్కోకూడదు, సముద్రం మన వీలు చూసుకుని నడుచుకోవాలి గానీ మనం దాని వీలు చూసుకోవడమేంటి? ఆ రాత్రి వాళ్లు చేసిన పనుల్లో అనుకరించదగ్గది ఒక్కటే. అసలు దళంలో ఒక భాగాన్ని నడపాల్సిన కెప్టెన్ కాలెండర్ సమయానికి కనిపించలేదు. వెతికారు. దొరకలేదు. ఈలోగా అవతల నాక్స్ చెప్పిన టైముకి తుపాకులు మొదలెట్టేశాడు, వీళ్లింకా బురదలోనే ఉన్నారు. కాలెండర్ దాడి మధ్యలో ఎక్కణ్నుంచో ఊడిపడ్డాడు, వచ్చీరాగానే తూటా తగిలి పోయాడు. ఆ రోజంతా ఎక్కడున్నాడో చెప్పడానికి ఇక మిగల్లేదు. ప్రతి కుటుంబ యాత్రలోనూ ఒక కాలెండర్ బావమరిది ఉంటాడు. అతను బస్సు దిగగానే మాయమవుతాడు. అతని కోసం పోటు వచ్చేదాకా ఆగండి.

మడచెట్ల మధ్య ఎలా మెలగాలో ఇప్పుడు చూద్దాం. బురదలోంచి జానెడేసి పుల్లలు నిటారుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి ఎవరో పాతినవి కావు, మడచెట్టు వేళ్లే. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఊపిరి కోసం వేళ్లని పైకి పంపిస్తుంది. వాటి మీద కాలు వేసుకుంటూ నడవండి, బురద అంటదు. చెట్టుకి ఊపిరాడకపోతే అది చెట్టు గొడవ. హవాయి చెప్పు కిందనుంచి పైకి చిల్లు పడితే అది చెప్పు గొడవ.

మడాకు మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. అది ఉప్పు. ఉప్పునీళ్లు తాగి బతికే చెట్టు తనకి ఎక్కువైనది ఆకులోంచి బయటికి పంపేస్తుంది. నాలుకతో రుచి చూస్తే తెలుస్తుంది. ఇది పొరపాటున నిజమైన సలహా అయిపోయింది, క్షమించండి. సరిచేస్తాను: ఏ ఆకు మడాకో ఏది కాదో చూసుకోకుండా అన్ని ఆకులూ నాకండి. ముఖ్యంగా తిల్ల చెట్టు. కొమ్మ విరిస్తే తెల్లగా పాలు కారుతుంది. ఊతకర్రకి బాగుంటుందని విరిచి, ఆ చేత్తోనే చెమట తుడుచుకోండి. తిల్లపాలు కంట్లో పడితే చూపు పోతుందని చేపలవాళ్లు భయపడతారు. వాళ్లు ఆ చెట్టు జోలికి పోకపోవడానికి కారణం చదువులేకపోవడమే అని ఇందాకే అనుకున్నాం కదా.

సర్కారు తుమ్మ మాత్రం దారి పొడుగునా మీకు తోడుంటుంది. అది ఇక్కడి చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. అందుకని దాన్ని మడ అడవి అనుకుని ఫొటోలు తీసుకుని ఇదే ప్రకృతి అని పెట్టండి. ముల్లు దిగినప్పుడు తీసిన ఫొటో ఇంకా బాగుంటుంది.

పాటు వేళ బురద మీద ఎర్రటి చిన్న పీతలు వందలకొద్దీ తిరుగుతాయి. మగపీతకి ఒక కొండి ఒళ్లంత ఉంటుంది, దాన్ని ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తుంది. కదలకుండా కాసేపు నిలబడితే కన్నాల్లోంచి మళ్లీ వస్తాయి, ఆ పెద్దకొండ్లన్నీ ఒకేసారి లేవడం కనిపిస్తుంది. మీరు నిలబడకండి. స్పీకర్‌లో పాటలు పెట్టుకుని నడవండి, బురద ఖాళీగా శుభ్రంగా ఉంటుంది. పక్షుల విషయంలోనూ ఇదే సూత్రం. కృష్ణ మొగల దగ్గర మడల్లో నీటిపిల్లి ఉంటుంది, చేపలు పట్టుకు తింటుంది, ఎక్కువగా చీకటి పడ్డాకే తిరుగుతుంది. దాన్ని చూపించమని మిట్టమధ్యాహ్నం ఆటో కుర్రాణ్ని దబాయించండి. చలికాలం చివర్లో ఈ తీరానికి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు గుడ్లు చీల్చుకుని బయటికొచ్చాక వెలుతురున్న వైపే సముద్రం ఉందని నమ్మి పరిగెడతాయి. మీ దగ్గర పెద్ద టార్చిలైట్లు ఉంటే మంగినపూడి బీచిలో వాడటానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

కోట లోపలికి చేరారు. కమానుల వరసలతో పొడవాటి ఆయుధాగారం, ఒక గంట గోపురం, పిచ్చిమొక్కలు పట్టిన గోడలు. మొదట అడగాల్సిన ప్రశ్న: "ఇక్కడ ఏ సినిమా తీశారు?" రెండోది: "ఏ రాజు కట్టించాడు?" రాజు కాదు, వ్యాపారులు కట్టుకున్నారని, డచ్చివాళ్ల పునాది, 1750లో ఫ్రెంచివాళ్ల చేతికి, 1759లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిందని ఎవరైనా మొదలెడితే "అన్నీ బ్రిటిషోళ్లవే లెండి" అని తుంచెయ్యండి. మూడు దేశాల ఇటుక ఒక గోడలో ఉందంటే తల నొప్పి తప్ప ఏం లాభం?

నిధి సంగతి మాత్రం అడగండి. నిధి ఉంది. ఉండేది. తిరగబడ్డ సైనికుల్ని ఫోర్డ్ మళ్లీ దారికి తెచ్చింది కోటలో దొరికే సొత్తులో వాటా ఆశ చూపించే. కోట పడ్డాక పంపకాలు అప్పుడే అయిపోయాయి. అయినా ఆయుధాగారం మూలల్లో గునపం వేసి చూసేవాళ్లకి కొరత లేదు. మీరూ ఓ చెయ్యి వేయండి. 1864 ఉప్పెనకి కూలని గోడలు కొన్ని ఇంకా మిగిలున్నాయి, వాటి పని మీరు పూర్తిచేయాలి.

చీకటి గదులు కనిపిస్తే పారిపోవడం మరిచిపోకండి, దీనికీ చరిత్రలో ప్రమాణం ఉంది. కెప్టెన్ యార్క్ అనేవాడు తన మనుషులతో కోటగోడ మీదుగా దూసుకుపోతుంటే, ఒక చిన్న మందుగుండు గదిని చూసి ఎవడో "మందుపాతర" అని అరిచాడు. అంతే, అందరూ వెనక్కి పరుగు. యార్క్ పక్కన మిగిలింది ఇద్దరు నల్లకుర్రాళ్లు, డప్పు కొట్టేవాళ్లు. వాళ్లు ఒంటరిగా నిలబడి కవాతు దరువు వాయిస్తూనే ఉన్నారు. యార్క్ వెనక్కి పోయి కొంతమందిని మళ్లీ పోగుచేసుకొచ్చాడు. ఎదురుగా ఫిరంగి పేలింది. అతనికి రెండు తొడల్లోనూ గాయాలయ్యాయి. ఆ కుర్రాళ్లిద్దరూ అక్కడే పడిపోయారు. చరిత్ర కెప్టెన్ పేరు ఒక్కటే గుర్తుపెట్టుకుంది. గోడ మీద పేర్లు చెక్కే అలవాటున్నవాళ్లు ఎక్కడ చెక్కాలా అని ఆలోచించనక్కర్లేదు, ఆ ఇద్దరిదీ తప్ప ఎవరి పేరైనా అక్కడ సరిపోతుంది.

కోట లోపల నాయకుడిగా ఎలా ప్రవర్తించాలో కాన్‌ఫ్లాన్స్‌ని చూసి నేర్చుకోండి. మూడువైపులా ఒకేసారి తుపాకులు పేలేసరికి ఆయన తన బసలోనే ఉండిపోయి, వచ్చే కబుర్లు వింటూ, పోయే ఉత్తర్వులు పంపుతూ కూర్చున్నాడు. నైరుతిలో దాడి అన్నారు, అటు పంపాడు. గట్టు మీద దాడి అన్నారు, అటు పంపాడు. లేచి వెళ్లి చూసుంటే దేనిలో బలముందో, ఏది ఉత్త గోలో తెలిసేది. మీరూ గంట గోపురం నీడలో కూలబడి, కుటుంబంలో ఎవరెక్కడున్నారో ఫోన్ గ్రూపులో వచ్చే మెసేజీల్ని బట్టి నిర్ణయించండి. "నాన్న బురుజు మీదున్నారట", "పిన్నిగారు ఏటి దగ్గరట". తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడినవాళ్ల సంఖ్య పట్టుకున్నవాళ్ల సంఖ్యని మించింది.

తుఫాను హెచ్చరిక గురించి ఒక ముక్క. హెచ్చరిక ఉన్నరోజు జనం ఉండరు, ఫొటోలకి ఆకాశం బాగుంటుంది, పైగా కోట గోడలకన్నా గట్టివి ఏముంటాయి అనిపిస్తుంది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. నీళ్లు కోటని ముంచి, ఊరిని ముంచి, 17 మైళ్లు లోపలికి పోయాయి. సుమారు 30 వేలమంది చనిపోయారు. మూడు కంపెనీలు శతాబ్దంన్నరపాటు కొట్టుకున్న కోట, ఆ రాత్రి తర్వాత సైన్యానికి పనికిరాకుండా పోయింది, వదిలేశారు. బందరు రేవు కూడా మళ్లీ మునుపటిలా లేవలేదు. 1977 నవంబరు 19న దివిసీమకి జరిగింది మన పెద్దవాళ్లు ఇంకా చెబుతారు. దీని మీద నా దగ్గర వంకర సలహా ఏమీ లేదు. హెచ్చరిక ఉంటే పోకండి.

ఎప్పుడు చేరాలి అన్నదానికి మళ్లీ చరిత్రే దిక్కు. కాన్‌ఫ్లాన్స్‌కి సాయంగా మొరాసిన్ అనే ఫ్రెంచి అధికారి రెండు ఓడల నిండా సైనికుల్ని తీసుకుని సముద్రం మీద వచ్చాడు. వచ్చింది ఏప్రిల్ 15న, కోట పడిన వారానికి. కోట మీద జెండా మారి ఉంది. ఓడలు తిప్పుకుని పోయాడు. ఇదీ ఆదర్శవంతమైన రాక. మీరు భోజనం చేసి, కునుకు తీసి, చిలకలపూడి పాండురంగడి గుడికెళ్లి, రోల్డ్‌గోల్డ్ గాజులు బేరమాడి, పొద్దుపోయాక కోటకి చేరండి. దోమలు తప్ప ఇంకెవరూ అడ్డురారు. డచ్చివాళ్ల సమాధుల తోట కూడా ఊళ్లోనే ఉంది, రాతి పలకల మీద వంశచిహ్నాలు చెక్కిన పనితనం పగటి వెలుతురులో కంటికి ఆనుతుంది కాబట్టి దాన్ని కూడా రాత్రికే పెట్టుకోండి.

సలాబత్ జంగ్ ఏమయ్యాడని అడుగుతారేమో. ఆయన ఫోర్డుతో యుద్ధం చేయలేదు. మే 14న ఒడంబడిక చేసుకున్నాడు. బందరు, దాని చుట్టూ ఎనిమిది జిల్లాలు, అదనంగా నిజాంపట్నం కంపెనీకి ఇచ్చేశాడు. ఇక ఫ్రెంచివాళ్లని దగ్గర పెట్టుకోనని కూడా ఒప్పుకున్నాడు. విడిపించడానికి బయలుదేరిన కోటని రాసిచ్చి తిరిగి వెళ్లినవాడు దక్కనులో ఇంకొకడు ఉన్నాడో లేడో. మన ఊళ్లో ఆగి టిఫిన్ చేసి వెళ్లిన అతిథి కాబట్టి ఇంతకన్నా అనకూడదు.

తిరుగు ప్రయాణానికి సర్దుకోవడం ఒక్కటే మిగిలింది. బందరు తొక్కుడు లడ్డు కొనకుండా ఎక్కడం మర్యాద కాదు. దుకాణంవాడు నెయ్యి కారకుండా గట్టిగా కడతానంటాడు, వద్దనండి, బరువు. మోకాళ్ల దాకా బురద పట్టిన ప్యాంటు విప్పి మడిచారు కదా, ఆ ఉప్పు బురద ఎండితే దులిపినా పోతుందని చెప్పేవాళ్లని నమ్మి అలాగే సంచిలో వేయండి. లడ్డు పొట్లం కూడా అదే సంచిలో, ప్యాంటు కింద. బందరు లడ్డుకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఉయ్యూరు దాటేసరికి బస్సులో అందరికీ ఆ భూగోళం వాసన బాగా తెలుస్తుంది.